మబ్బు కింద వరి

కంప్యూటర్‌కి శ్రీకాకుళం వరి మడిని గుర్తుపట్టడం నేర్పినవాళ్లలో నేనొకదాన్ని. ఈ మాట పైకి చెప్పుకోవడానికి నేనేమీ మొహమాటపడను. నా ఉద్యోగం డిగ్రీ కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పడం. నలభై అయిదు దాటేదాకా కంప్యూటర్‌ని మార్కుల జాబితాలు కొట్టడానికి తప్ప దేనికీ వాడలేదు. అలాంటిది ఒక తుఫాను ఏడాది, రోడ్డు మీద నిలబడ్డవాళ్ల కంటికి కూడా కనబడని ముంపుని నేనూ నా విద్యార్థినీ కలిసి మబ్బుల పైనుంచి చూశాం.

ఈ పిచ్చి నాకు కొత్తది కాదు. యూనివర్సిటీలో చదివే రోజుల్లో మా లాబ్‌లో స్టీరియోస్కోప్ ఉండేది. నాలుగు కాళ్లున్న కళ్లజోడులా ఉంటుంది. విమానంలోంచి తీసిన రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి, దాంట్లోంచి కాసేపు చూస్తే, చదునుగా ఉన్న కాగితంలోంచి కొండ ఒక్కసారి పైకి లేస్తుంది. మొదటిసారి అలా లేచినప్పుడు నేను తల వెనక్కి లాక్కున్నాను. మాది నరసన్నపేటలో బట్టల కొట్టు ఉన్న ఇల్లు. గుడ్డ నేతని వేలితో తడిమి చూసే ఇంట్లో పుట్టాను. నేలకి కూడా నేత ఉంటుందని, పైనుంచి చూస్తే ఏది వరో ఏది చెరకో ఆ నేతని బట్టి చెప్పొచ్చని తెలిసిన రోజునుంచి నాకు ఇంక వేరే సబ్జెక్టు మీదకి మనసు పోలేదు.

తరవాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. పాఠం చెప్పడమే గాని చూడడం తగ్గిపోయింది. ఉపగ్రహాల చిత్రాలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చని, వాటిని కంప్యూటరే చదివి చెప్పేలా నేర్పొచ్చని తెలిశాక, వేసవి సెలవుల్లో విశాఖపట్నంలో జరిగే ఒక శిక్షణకి పేరిచ్చాను. గదిలో అందరూ పాతికేళ్ల లోపువాళ్లు. నేర్పే అబ్బాయి కూడా మా అబ్బాయి ఈడువాడే. మొదటిరోజు నా దగ్గరకొచ్చి మర్యాదగానే అన్నాడు.

"మేడమ్, మీరు కావాలంటే థియరీ విని వెళ్లిపోవచ్చు. ప్రాక్టికల్ కొంచెం కష్టంగా ఉంటుంది."

"ఎంత కష్టమో చూసే వెళ్తాను బాబూ," అన్నాను.

కష్టంగానే ఉంది. శిక్షణ అయిపోయాక కూడా పట్టు దొరకలేదు. శ్రీకాకుళంలో మాకు ఇనప సామాన్ల కొట్టుంది. మధ్యాహ్నాలు బేరాలు పలచబడే వేళ, మా ఆయన గల్లా దగ్గర కూర్చుంటే, నేను రంగు డబ్బాల పక్కన స్టూలు మీద లాప్‌టాప్ పెట్టుకుని సాధన చేసేదాన్ని. ఆయన వెనకనుంచి తొంగిచూసేవారు.

"ఏటే అది, అన్నీ ఎర్రక్షరాలే వస్తన్నాయి?"

"తప్పులు."

"అన్నీనా?"

"అన్నీ కలిపి ఒకటే తప్పు. ఎక్కడో ఒక చుక్క పెట్టడం మర్చిపోయాను."

"ఒక్క చుక్క మర్చిపోతే ఇంత తిడతాదా? దీనికన్నా మా నాన్న నయం గదే!"

ఆ చుక్క దొరికిన రోజు తెర మీద చెరువులన్నీ నీలంగా వెలిగాయి. మా జిల్లా చెరువులు, నేను రాసిన ప్రోగ్రాం వెతికి పట్టుకున్నవి. నేను పెట్టిన కేకకి బోల్టులు ఏరుకుంటున్న మనిషి చేతిలో పళ్లెం కింద పడేశాడు. మా ఆయన విసుక్కోకుండా బోల్టులన్నీ ఏరి, "మా ఆవిడకి సెరువులు దొరికినాయి బాబూ," అని అతనికి సంజాయిషీ చెప్పారు.

చెరువులు దొరకడం తేలిక. వరి దొరకడం వేరు. ఉపగ్రహం పంపే చిత్రం కంప్యూటర్‌కి ఒట్టి అంకెల గళ్లు. ఏ గళ్లు వరి, ఏవి ఇసుక, ఏవి కొబ్బరితోట అని మనం వేలసార్లు గీసి చూపిస్తే, అది పోలిక పట్టుకుని, మనం చూపించని చోట కూడా చెప్పడం నేర్చుకుంటుంది. చంటిపిల్లకి కాకిని చూపించి కాకి అని చెప్పినట్టే. అలా నేర్చిన ప్రోగ్రాంని మోడల్ అంటారు. వరదనీటిని గుర్తుపట్టే మోడల్ ఒకటి ఇంటర్నెట్‌లో దొరికితే తెచ్చి మా జిల్లా మీద నడిపాను. ఎక్కడో పెద్ద పెద్ద పొలాల దేశంలో నేర్చుకున్నది. అది వంశధార ఇసుకతిన్నెలని వరద అంది. నౌపడ ఉప్పుమడులని మునిగిపోయిన పంట అంది. నిజంగా నీళ్లున్న సన్న మడులని మాత్రం చూడనే లేదు.

మా ఫైనలియర్‌లో ఒక అమ్మాయి ఉండేది. నరసన్నపేట అవతల పల్లెలో వరి పండించుకునే ఇంటిపిల్ల. రోజూ బస్సులో వచ్చేది. మాటలో మెత్తదనం తక్కువ, పనిలో ఓపిక ఎక్కువ. తెరని కాసేపు చూసి తేల్చేసింది.

"దీనికి మన మడులు తెలీవు మేడమ్. మనమే సెప్పాలి."

అక్కణ్నుంచి నెలల తరబడి అదే పని. కాలేజీ లాబ్‌లో నేనూ, ఆ అమ్మాయీ, మరికొందరు పిల్లలూ కూర్చుని పాత చిత్రాల మీద మడి మడికీ అంచు గీశాం. వీటిలో చాలా చిత్రాలు రాడార్‌వి. మామూలు కెమెరాకి మబ్బు అడ్డం. రాడార్ ఉపగ్రహం తన తరంగాలు తనే పంపి, నేలకి తగిలి తిరిగొచ్చినవాటితో బొమ్మ కడుతుంది. మబ్బుని లెక్కచేయదు. కాకపోతే ఆ బొమ్మ నలుపు తెలుపుల్లో, ఉప్పూ మిరియాలూ కలిపి చల్లినట్టుంటుంది. అలవాటు లేని కంటికి ఏమీ తెలియదు. నిశ్చలంగా ఉన్న నీరు అందులో నల్లగా పడుతుంది.

ఒకరోజు ఆ అమ్మాయి గీసినవి సరిచూస్తుంటే, కొన్ని మడులకి తను నాకు చెప్పకుండా వేరే రంగు పెట్టింది. పసుపు.

"ఇదేమిటి?"

"ముంపే మేడమ్."

"ముంపుకి నీలం కదా పెట్టుకున్నాం. పైగా ఇక్కడ నలుపు లేదు, తెల్లగా ఉంది."

"ములిగిపోయిన వరి వేరు మేడమ్, నీళ్లలో నిలబడిపోయిన వరి వేరు. ఇవి మావే. పోయినేడాది వానలకి ఇలాగే నిలబడిపోనాయి. నాను దిగి సూశాను."

నేను ఇంటికెళ్లి పుస్తకాలు తిరగేశాను. తను చెప్పినదానికి శాస్త్రం ఉంది. పంట పూర్తిగా మునిగితే పైన నీరే కాబట్టి నలుపు. కంకులు పైన ఉండి మొదళ్లలో నీళ్లుంటే, తరంగం నీటి మీద పడి, కాడకి తగిలి, వెనక్కి ఎగిరి వస్తుంది. అప్పుడు అంతకుముందుకన్నా తెల్లగా పడుతుంది. మర్నాడు క్లాసులో అది బోర్డు మీద గీసి చెప్పి, పసుపు రంగు ఉంచేశాం. ఒక డిగ్రీ పిల్ల తన కళ్లతో చూసినదానికి తనే ఒక రంగు ఇచ్చుకోవడం, ఆ రంగుని ఒక మోడల్ నేర్చుకోవడం! అంతకుముందు అన్నేళ్లు పాఠం చెప్పి నేను పొందిన తృప్తి అంతా ఒకెత్తు, ఆ రోజుది ఒకెత్తు.

తుఫాను పంట గింజ గట్టిపడే వేళకి వచ్చింది. గాలి ఒక్క రాత్రితో పోయింది గాని ముసురు పట్టుకుంది. కరెంటు లేదు, కాలేజీకి సెలవు. మా కొట్లో ఇన్వర్టర్ ఉంది. ముసురులోనే ఆ అమ్మాయి ఎవరి బండో పట్టుకుని కొట్టుకి వచ్చేసింది. కొట్టు నిండా జనం. రేకులు ఎగిరిపోయినవాళ్లు, తాళ్లు, మేకులు, టార్పాలిన్లు కావలసినవాళ్లు. మా ఆయనా, గుమాస్తా ఊపిరి తిప్పుకోలేకపోతున్నారు. మేము రంగు డబ్బాల మూలన కూర్చుని, ఫోన్ నెట్‌తోనే ఆ ఉదయం తీసిన రాడార్ చిత్రం దింపుకుని, మోడల్‌ని నడిపాం.

నదుల పక్కన నీలం పడింది. అది అందరికీ తెలిసిందే. అధికారులంతా అక్కడే ఉన్నారు. కాని నదికి చాలా దూరంగా, నరసన్నపేట దాటాక, పొడుగాటి పసుపు పట్టీ ఒకటి వచ్చింది. చాలా ఊళ్ల పొలాలు అందులో ఉన్నాయి.

నేను ముందు మోడల్‌నే అనుమానించాను. అక్కడ ఏరు లేదు. గట్టు తెగే కాలవ కూడా లేదు.

"తప్పు పట్టిందేమో," అన్నాను.

"తప్పు కాదు మేడమ్," అంది ఆ అమ్మాయి. తన ఊరు ఆ పట్టీలో లేదు. అయినా గొంతులో తడబాటు లేదు. "ముందటి బొమ్మ పక్కన పెట్టి సూడండి. అప్పుడు ఇంత తెలుపు లేదు."

పక్కన పెట్టి చూశాను. నిజమే. నాకు తెలిసిన వ్యవసాయాధికారికి ఫోన్ చేశాను. ఆయన మంచివారే, కాని ఆ వారం నిద్రలేని మనిషి.

"మేడమ్, మావాళ్లు జీపులో ఆ రోడ్డంతా తిరిగొచ్చారు. అక్కడ పంట నిలబడే ఉంది. ఏరు పక్క ఊళ్లకే మనుషులు చాలడం లేదు. పైనుంచి చూసిన బొమ్మ పట్టుకుని ఎవర్ని పంపమంటారు?"

"నేను వెళ్లి చూసి చెప్తే వస్తారా?"

"మీరు ఆ మడి దగ్గర నిలబడి చెప్తే వస్తాను," అన్నారు.

ఫోన్ పెట్టేసరికి మా ఆయన నా వంకే చూస్తున్నారు. సంవత్సరం మొత్తం మీద కొట్టుకి అంత గిరాకీ ఉండే రోజు ఇంకోటి లేదు. ఆయన గుమాస్తాకి తాళాలిచ్చి, సరుకు తోలే మా చిన్న వ్యాను తీశారు.

"ఎక్కండి. ఆటోలేటి తిరగతన్నాయి ఇయ్యాళ?"

దారి పొడుగునా పడిపోయిన చెట్లు, వంగిపోయిన కరెంటు స్తంభాలు. చుట్లు తిరిగి ఆ ఊళ్ల దారికి చేరేసరికి మధ్యాహ్నమైంది. వ్యాను ఆపి చూస్తే ఆ అధికారి చెప్పినట్టే ఉంది. రోడ్డుకి రెండు పక్కలా వరి నిలబడి ఉంది. కంకులు బరువుగా వంగి, ఆకుపచ్చ పసుపులోకి తిరుగుతూ, కన్నుల పండగలా ఉంది.

"ఇదేటే," అన్నారు మా ఆయన మెల్లగా, "పంట బాగానే ఉన్నాది గదా?"

నేను జవాబు చెప్పేలోపు ఆ అమ్మాయి చెప్పులు వ్యానులో వదిలేసి గట్టు దిగింది. కంకులని రెండు చేతులా పక్కకి తోసి లోపలికి అడుగు వేసింది. మోకాలి దాకా కూరుకుపోయింది. నీళ్లు. దట్టమైన పంట కింద, పైకి తళుకైనా కనపడకుండా, మడి నిండా నీళ్లు నిలబడి ఉన్నాయి.

"మేడమ్!" అని అరిచింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

మమ్మల్ని చూసి ఆ మడుల తాలూకు రైతు ఒకావిడ, తల మీద ప్లాస్టిక్ గోనె కప్పుకుని వచ్చింది. వయసులో నా కన్నా పెద్దది.

"జీపులో వచ్చినారమ్మా. ఆపకుండానే బాగున్నాదనీసి ఎల్లిపోనారు. ఎనకాతల పడి అరిసినాను, ఇనిపించుకోలేదు. ఇంకో రెండ్రోజులిలాగే ఉంటే మొదలు కుళ్లిపోతాది. నా ఒక్కదాని మడే పల్లంలో ఉన్నాదనుకున్నాను. మీరెలాగొచ్చినారు?"

నేను లాప్‌టాప్ తెరిచి చూపించాను. ఆవిడ మడే కాదు, పక్క ఊరివీ, ఆ పక్కవీ, అన్నీ ఒకే పట్టీలో ఉన్నాయి. ఆవిడ ఆ పసుపు మీద వేలు పెట్టి పట్టీ చివరిదాకా జరిపింది.

"ఐతే అందరిదీనా," అంది.

అప్పుడు నాకు ఇంకొకటి కనబడింది. కొట్లో కంగారులో గమనించలేదు. ఆ పట్టీకి మూడు వైపులా అంచు వంకరటింకరగా ఉంది. నాలుగో వైపు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంది. పిల్లలకి మొదటి క్లాసులోనే చెప్తాను, పైనుంచి చూసినప్పుడు తిన్నని గీత కనబడితే అది మనిషి పని అని. ఆ గీత ఎత్తు చేసి వేసిన ఒక రోడ్డు కట్ట. దాని కిందనుంచి గెడ్డ, అంటే చిన్న వాగు, ఒకటి పారాలి. లాప్‌టాప్‌లోని పాత మ్యాపులో ఆ గెడ్డ ఉంది, రోడ్డు దాటే చోటూ ఉంది. మా ఆయన వ్యానుని అక్కడికి పోనిచ్చారు.

కల్వర్టు నోరు మూసుకుపోయి ఉంది. గాలికి పడిన చింతచెట్టు అడ్డంగా ఇరుక్కుని, దానికి గుర్రపుడెక్క, గడ్డి, ఎక్కడెక్కడి చెత్తా పట్టుకుంది. ఒక పక్క నీరు రోడ్డు అంచుదాకా, రెండో పక్క గెడ్డ ఖాళీగా. పట్టీకి ఆ చివర ఊళ్లవాళ్లు ఎవరి మడి వాళ్లు చూసుకుంటున్నారు గాని, అంత దూరంలోని ఈ చెట్టుకీ తమ నీళ్లకీ సంబంధం ఉందని ఎవరికి తడుతుంది?

నేను అక్కడే నిలబడి ఫోన్ చేశాను. "నిలబడే చెప్తున్నాను సార్," అన్నాను. ఆయన నవ్వలేదు. వచ్చారు. ఆయన ప్రొక్లెయిన్ యంత్రం తెప్పించేలోపే రెండు మూడు ఊళ్ల జనం గునపాలు, గొడ్డళ్లు పట్టుకుని చేరిపోయారు. మా వ్యానులో అమ్మకానికి పెట్టిన తాళ్ల చుట్టలు ఉండిపోయాయి. మా ఆయన అవి విప్పి ఇచ్చేశారు. కొమ్మలు నరికి, మానుకి తాళ్లు కట్టి, యంత్రం ఒక పక్క, మనుషులొక పక్క లాగారు. మాను కదిలింది. ముందు బుడబుడమని చిన్న చప్పుడు, తరవాత ఒక్క ఉదుటున నీరు అవతలికి దూకింది. జనం కేకలు వేశారు. నేను కూడా వేశాను. బురదలో నా చీర మోకాళ్లదాకా తడిసి, జుట్టంతా ముఖం మీద పడి, అధికారుల ముందు మర్యాదగా ఉండాలన్న ధ్యాసే లేదు.

ఆ అధికారి నా పక్కకొచ్చి, లాప్‌టాప్ తెర చూపించి అడిగారు. "ఈ పసుపు రంగు పెట్టింది ఎవరు మేడమ్?"

"ఆ పిల్లే."

ఆయన వెళ్లి ఆ అమ్మాయికి దండం పెట్టారు. ఎవరికీ బెదరని ఆ పిల్ల కంగారుపడి నా వెనక్కి వచ్చి దాక్కుంది.

మళ్లీ ఉపగ్రహం వచ్చినప్పుడు మోడల్‌ని నడిపాం. పసుపు పట్టీ ఎగువనుంచి చాలావరకు ఇంకిపోయింది. అట్టడుగు మడులు కొన్ని మాత్రం అలాగే మిగిలాయి. అవి పోయాయి. ఆ పెద్దావిడ మడి బతికింది గాని, గింజ కొంత తాలు పోయింది. అన్నీ దక్కాయని చెప్తే అబద్ధం అవుతుంది. దక్కినవి మాత్రం కళ్లాలకి చేరడం నేను స్వయంగా వెళ్లి చూశాను.

తరవాత నుంచి వానాకాలంలో ఉపగ్రహం దాటినప్పుడల్లా ఆ అధికారి దగ్గర్నుంచి ఫోను. "మేడమ్, పసుపేమైనా ఉందా?" అని మొదలుపెట్టేవారు. మ్యాపుని ఆ ఊళ్ల గ్రామ సచివాలయాల్లో గోడలకి అంటించారు. కొన్నాళ్లకి వెళ్లి చూస్తే జనం దాని మీద పెన్నులతో గీసేశారు. 'ఇది వరి కాదు, గోగు', 'ఇక్కడ కొత్త చెరువు తవ్వినాము', 'ఈ గట్టు లేదు'. సచివాలయం ఉద్యోగి ఒకతను నొచ్చుకుని, "పాడుసేసినారు మేడమ్, కొత్తది అంటిస్తాం," అన్నాడు. వద్దన్నాను. ఆ గీతలన్నీ ఫోటో తీసుకుని తెచ్చి మోడల్‌కి నేర్పించాం. నా మ్యాపుని జనం అంత పట్టించుకుని తప్పులు దిద్దడం కన్నా నాకు కావలసిన సన్మానం ఏముంటుంది?

మా ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. మేకులు కొనడానికి వచ్చినవాళ్లకి కూడా రాడార్ అంటే ఏమిటో చెప్పేవారు. సగం తప్పులే. "మబ్బుల్లోంచి కన్నమెట్టి సూస్తాదండి," అనేవారు. నేను దిద్దడం మానేశాను.

ఆ అమ్మాయి యూనివర్సిటీలో ఎమ్మెస్సీలో చేరింది. ఈమధ్య విజయనగరంలో వ్యవసాయ సహాయకులకి శిక్షణ పెట్టి నన్ను పాఠం చెప్పమన్నారు. నేను తనని పిలిపించి చెప్పించాను. నేను ఆఖరి వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తెల్ల తెర ముందు నిలబడి, నీలం ఏది, పసుపు ఏది, ఎందుకు వేరు అని, తడుముకోకుండా, మా మాటలోనే చెప్పుకుపోతోంది. పక్కనున్నాయన "ఎవరండీ ఈ అమ్మాయి, బాగా సెప్తంది," అన్నారు. "నా స్టూడెంటు," అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి నాకు నోరు చాలలేదు.

చివర్లో శృంగవరపుకోట వైపునుంచి వచ్చిన ఒక నడివయసు ఆయన లేచాడు.

"మావి కొండవాలు మడులమ్మా. మెట్లు మెట్లుగా ఉంటాయి. ఇది మాకు పనికొస్తాదా?"

"ఇప్పుడు రాదు," అంది తను సూటిగా. "దానికి మీ మడులు తెలీవు. మీరు గీసిస్తే వస్తాది."

ఆయన్ని ముందుకి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, మౌసు చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, తెర మీద కొండ అంచున తన ఊరు వెతుక్కుని, నాలిక పంటి కింద పెట్టుకుని మొదటి మడికి గీత మొదలుపెట్టాడు. గీత గట్టు దాటి పక్క మడిలోకి పోయింది. ఆ అమ్మాయి పక్కన నిలబడి, "నిదానంగా గీయండి బాబూ, ఏటీ తొందర్లేదు," అంటోంది.